ఆగిన యంత్రమే అసలు ప్రశ్నపత్రము

రాష్ట్రమందలి 65 ప్రభుత్వ ఐ.టి.ఐ.లను టాటా టెక్నాలజీస్ సంస్థతోడి పదియేండ్ల ఒడంబడికపై, సుమారు 2,324 కోట్ల రూపాయల వ్యయముతో, అధునాతన సాంకేతిక కేంద్రములుగా మార్చు కార్యమునకు 2024 జూన్ 18వ తేదీన హైదరాబాదు మల్లేపల్లిలో శంకుస్థాపన జరిగినది మొదలు, ఫిట్టరు, వెల్డరు, ఎలక్ట్రీషియను అను పాత ట్రేడుల పేరులతోపాటు పారిశ్రామిక రోబోటిక్సు అను క్రొత్త పేరు మన పల్లెల తల్లిదండ్రుల నోటను వినవచ్చుచున్నది. అంతకు పూర్వమే, 2016లో నీతి ఆయోగు ఆరంభించిన అటల్ టింకరింగు ల్యాబులు, బడి యొక్కంటికి 20 లక్షల రూపాయల సాయముతో, ఆఱవ తరగతి మొదలు పండ్రెండవ తరగతివఱకు చదువు పిల్లల చేతికి సెన్సరులను, మోటారులను, త్రీడీ ప్రింటరులను అందించినవి. 1959లో జవాహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేయగా వెలసి, దేశమందలి రీజనల్ ఇంజనీరింగు కళాశాలలలో మొట్టమొదటిదై, నేడు ఎన్.ఐ.టి.గా వర్ధిల్లుచున్న విద్యాసంస్థ మన ఓరుగల్లునందే ఉన్నది. ఇంతటి వ్యయమును, ఇంతటి ప్రయత్నమును నేను హృదయపూర్వకముగా అభినందించుచున్నాను. కాని యంత్రములు వచ్చి, గదులు సిద్ధమై, ఉపాధ్యాయులకు శిక్షణ తరగతులును జరిగిన పిమ్మట, ఈ విద్య నేర్చిన పిల్లవాడు నిజముగా నేర్చెనో లేదో తెలిసికొనుట యెట్లు అను ప్రశ్నను మాత్రము ఎవరును గట్టిగా అడిగినట్లు కానరాదు.

పరీక్షలో ఏది అడుగుదురో బడిలో అదియే చెప్పుదురన్న సంగతి మన తెలుగునాట ప్రతి తల్లికిని తెలియును. రోబోటు అననేమి, దాని భాగములెవ్వి, సెన్సరుల రకములను వివరింపుము అని అడిగిన మఱుసటి యేడే గైడులు పుట్టును. గైడులు పుట్టిన పిదప ల్యాబు తాళము తీయవలసిన పనియే యుండదు. ఇది ఊరక కల్పించుకొన్న భయము కాదు. ఇంటర్మీడియటు ప్రాక్టికల్సులో ముప్పదికి ముప్పది మార్కులు వచ్చుట ఎంత సాధారణమో, ఆ మార్కులు పొందినవారిలో వెర్నియరు కాలిపర్సును తమ చేతితో పట్టి, తమ కంటితో చూచి, తప్పు కొలిచి, మఱల కొలిచినవారు ఎంత అరుదో ఎఱుగని అధ్యాపకుడు మన జిల్లాలో ఉండడు. సీనియరు రికార్డును ముందుంచుకొని ఎక్కించుకొనుటయే రికార్డు వ్రాయుట యైనది. పదవ తరగతిలో స్లిప్ టెస్టు, ప్రాజెక్టు పని, వ్రాతపని మున్నగువాని పేర ఇచ్చు 20 అంతర్గత మార్కులను రద్దుచేయుచు 2024 నవంబరులో ఉత్తర్వు వెలువడుట, వెంటనే అది వాయిదాపడుట, 2025లో మఱల ఆ 20 మార్కుల పద్ధతియే నిలుచుట పాఠకులకు జ్ఞాపకముండును. ఆ మార్కులపై ప్రభుత్వమునకు నమ్మకము చెడుటకు కారణమున్నది: అవి అందఱికిని అడుగకయే పంచిపెట్టబడుచున్నవి. ఐనను, పంచిపెట్టుచున్నారు గనుక తీసివేయుడనుట, తూకము సరిగా లేదని త్రాసును పాఱవేయుట వంటిది. ముఖ్యముగా రోబోటిక్సు వంటి చేతిపని విద్యకు, మూడు గంటల వ్రాతపరీక్షకన్న బడిలో జరుగు ఆ పరీక్షయే ప్రాణము.

హనుమకొండలో జరిగిన ఒక వైజ్ఞానిక ప్రదర్శనలో నేను చూచిన సంగతి ఒకటి చెప్పెదను. తెల్లని చార్టుపై నల్లని టేపుతో వంకరటింకరగా ఒక దారి అతికించి, ఆ దారి వెంబడి తనంత తాను పోవు చిన్న బండిని ఇద్దఱు విద్యార్థులు, ఒక బాలుడును ఒక బాలికయు, ప్రదర్శనకు పెట్టిరి. బండి ముందుభాగమున క్రిందికి చూచు రెండు ఇన్‌ఫ్రారెడ్ సెన్సరులున్నవి. తెలుపు కాంతిని తిరిగి పంపును, నలుపు పంపదు. ఆ భేదమును బట్టి ఎడమచక్రమో కుడిచక్రమో ఆగి, బండి మలుపు తిరుగును. ఉదయమంతయు అది చక్కగా నడచెనట. మధ్యాహ్నము న్యాయనిర్ణేతలు వచ్చువేళకు బండి టేపును విడిచి పక్కకు పోవుచు, చార్టు దాటి బల్ల అంచువఱకు వచ్చుచుండెను. "నిన్న మంచిగనే నడిచింది సార్, ఇప్పుడేమైందో తెలుస్తలేదు సార్" అని బాలుడు కన్నీళ్ల పర్యంతమయ్యెను. నిర్ణేతలు జాలిగా తల యూచి, కాగితముపై ఏదో వ్రాసికొని, ప్రక్కబల్లపై థర్మోకోలుతో కట్టి రంగులువేసి దీపములు పెట్టిన ఎత్తిపోతల పథకపు నమూనా కడకు వెడలిరి.

వారు వెడలిన తరువాత ఆ బాలిక బండిని మూడుసార్లు మొదటినుండి నడిపి, ప్రతి పర్యాయమును అది ఒకే చోట దారి తప్పుచున్నదని గుర్తించి, ఆ చోటికి కిటికీనుండి ఎండ పడుచున్నదని చూచి, తన నోటుబుక్కును ఎండకు అడ్డముగా పట్టెను. బండి మలుపు తిరిగెను. సూర్యకాంతిలోను ఇన్‌ఫ్రారెడ్ కిరణములుండుటచేత సెన్సరు నలుపును సైతము తెలుపుగా భ్రమించుచున్నదన్నమాట. పిదప ఆమె స్క్రూడ్రైవరు తెప్పించుకొని, సెన్సరు పలకపైనున్న నీలిరంగు చిన్న పెట్టెలోని ఇత్తడి మరను కొలది కొలదిగా త్రిప్పుచు, ఎండలోను నీడలోను బండి నడచునట్టి హద్దును వెదకుచు కూర్చుండెను. ఆ రోబోటు తయారీలో ఆ కిట్టును అమ్మిన కంపెనీ పాలెంతో, ఉపాధ్యాయుని పాలెంతో, పిల్లల పాలెంతో నేను చెప్పజాలను గాని, ఆ అరగంట పాటు జరిగిన పని సంపూర్ణముగా ఆ బాలికది. దానికి ఎవ్వరును ఒక్క మార్కు వేయలేదు. మార్కుల కాగితములో దానికి గడియే లేదు.

యంత్రము నడచుచున్నంతసేపు, నడపువానికి ఏమి తెలియునో పరీక్షకునికి తెలియదు. అది ఆగినపుడే తెలియును. బ్యాటరీ బలహీనమైనదా, తీగ ఊడినదా, మోటారు తీగలు తారుమారైనవా, ప్రోగ్రాములో హెచ్చు గుర్తుకు మాఱుగా తగ్గు గుర్తు పడినదా, లేక సెన్సరుకే లోకము వేఱుగా కనబడుచున్నదా యని, ఒక్కొక్క అనుమానమును వరుసగా పరీక్షించి త్రోసిపుచ్చుచు, మిగిలినదానిని పట్టుకొను ఆ వివేచనయే ఈ విద్యకు సారము. నేడు కంప్యూటరును అడిగినచో నిమిషములో ప్రోగ్రాము వ్రాసి చేతికిచ్చుచున్నది. పెద్ద నగరములలో ఇంజనీరింగు ప్రాజెక్టులు రిపోర్టుతో సహా డబ్బునకు దొరకుచున్నవి. కాబట్టి వ్రాసి తెచ్చిన ప్రోగ్రాముగాని, చేసి తెచ్చిన నమూనాగాని ఇక విద్యార్థి జ్ఞానమునకు సాక్ష్యము కాజాలవు. అప్పటికప్పుడు ఎదుట ఆగిపోయిన యంత్రమును మాత్రము ఎవరును మఱియొకరి కొఱకు కొనితేలేరు.

ఓరుగల్లునుండి హైదరాబాదు పోవు రైలుమార్గమున ఆలేరు కలదు. ఆ ప్రాంతపు చేనేత కుటుంబమున పుట్టి, పేదఱికముచే చిన్నతనముననే బడి మానిన చింతకింది మల్లేశము, తల్లి లక్ష్మి ఆసు పోయుచు భుజము నొప్పితో బాధపడుట చూడలేక, 1992 ప్రాంతమున ఆ పనిచేయు యంత్రమునకై పూనుకొనెను. పోచంపల్లి చీర కొకదానికి ఆసు పోయవలెనన్న, ఒకవైపునున్న ఒంటి మేకునకును ఎదుట అర్ధచంద్రాకృతిగా వరుసదీరిన మేకులకును నడుమ దారమును త్రిప్పుచు, చేయిని సుమారు తొమ్మిదివేల పర్యాయములు ఆడింపవలయును. దినమునకు రెండు చీరలైన పదునెనిమిదివేలు. మల్లేశము చేసినదేమనగా, తల్లి చేతి కదలికను ముక్కలు ముక్కలుగా విడదీసి, ముందునకు పోవుటను ఒక భాగముగా, మేకును చుట్టుటను మఱియొక భాగముగా, తరువాతి మేకునకు జరుగుటను వేఱొక భాగముగా ఎంచి, ఒక్కొక్కదానిని యంత్రముచే చేయింప యత్నించుట. నేటి రోబోటిక్సు గ్రంథములు మొదటి అధ్యాయములో చెప్పు పాఠమును ఆయన ఏ గ్రంథమును లేకయే ఆచరించెను. ఒక భాగము కుదిరి మఱియొకటి కుదరక ఏండ్లు గడచినవి. బ్రతుకుతెరువునకు హైదరాబాదు చేరి విద్యుత్తు పనులు చేయుచు, బాలానగరున ఒక యంత్రపు కదలికను చూచినపుడు, తనకు కొఱవడిన చివరి ముక్క దొరకెను. 1999లో లక్ష్మీ ఆసు యంత్రము పూర్తియైనది. ఐదాఱు గంటల పని గంటన్నరకు దిగినది. 2017లో పద్మశ్రీ ఆయనను వరించినది.

ఆ యేడేండ్లలో ఏ యేడైనను ఆయన మన పరీక్షాధికారుల ఎదుట నిలిచియుండిన ఎన్ని మార్కులు వచ్చియుండును? యంత్రము నడువదు గనుక ప్రదర్శనకు సున్న. నిర్వచనములు రావు గనుక వ్రాతపరీక్షకు సున్న. ఏడేండ్లు వరుసగా తప్పినవాడని రిజిస్టరులో వ్రాసికొనెడివారము. కాని ఒక్కొక్క ప్రయత్నమునకును ఆయన ఏది మార్చెను, మార్చినపుడు ఏమి జరిగెను, దానినుండి ఏమి గ్రహించెను అని అడుగు పరీక్షకుడు ఉండినచో, మొదటి యేటనే ఆయన మేధ బయల్పడియుండును. ఇంకొక విషయము గమనింపుడు. మల్లేశము యంత్రమునకు ముందు మనిషిని చూచెను. నేత పనియంతటిలో ఏ భాగము దేహమును హరించుచున్నదో దానిని మాత్రము యంత్రమునకు అప్పగించి, రంగుల పొందికను, నేత నేర్పును నేతగానికే విడిచిపెట్టెను. దేనిని యంత్రమునకు ఇయ్యవచ్చును, దేనిని ఇయ్యరాదు అను ఈ విచక్షణయు పరీక్షింపదగిన విద్యయే యని నా దృఢవిశ్వాసము.

దానిని పరీక్షించుటకు విదేశీయోదాహరణములు మనకు అక్కఱలేదు. మన పొలములలోని ఆటో స్టార్టరు చాలును. కరెంటు ఎప్పుడు వచ్చునో ఎఱుగని దినములలో, అర్ధరాత్రి పొలమునకు పోయి, చీకటిలో పాములనడుమ, తడిసిన నేలపై నిలిచి మోటారు వేయవలసి వచ్చిన రైతునకు ఆటో స్టార్టరు ప్రాణదాతయై వచ్చినది: కరెంటు రాగానే మోటారు దానంతట అదియే తిరుగును. 2018 జనవరి 1వ తేదీనుండి వ్యవసాయమునకు 24 గంటల ఉచిత విద్యుత్తు ఇచ్చుటకు పూనుకొన్నపుడు, అదే స్టార్టరును ఊడదీయుడని ప్రభుత్వమే రైతులను ప్రాధేయపడవలసి వచ్చినది. కరెంటు పోవుటయే లేనపుడు మోటారు ఆగుటయు ఉండదు, భూగర్భజలము అడుగంటును. యంత్రము మాఱలేదు, దాని చుట్టునున్న లోకము మాఱినది. ఆటో స్టార్టరునకు తెలిసినది తీగలో కరెంటున్నదా లేదా యన్న ఒక్క సంగతియే. మడి తడిసినదా, బావిలో నీరెంత, నేడు వాన కురియునా అనునవి దానికి తెలియవు.

ఈ వృత్తాంతమును నర్సంపేటలోనో పరకాలలోనో తొమ్మిదవ తరగతి పిల్లల ముందుంచి, ఈ స్టార్టరు ఇంకను ఏయే సంగతులు ఎఱుగవలయును, వానిలో ముందుగా ఏ ఒక్కదానిని చేర్తువు, ఆ సెన్సరు చెడినచో మోటారు నడువవలెనా ఆగవలెనా, కారణము చెప్పుము అని అడుగుడు. దీనికి గైడులో జవాబు లేదు. వరిమడి గల యింటి పిల్లవాడు ఒకటి చెప్పును, మిర్చి తోట గల యింటి పిల్ల మఱియొకటి చెప్పును. ఇరువురికిని పూర్తి మార్కులు రావచ్చును. పాకాల చెఱువు మత్తడిని చూచి వచ్చిన పిల్లవాడు, నిర్ణయించిన ఎత్తును దాటిన నీరు మనిషి లేకయే, కరెంటు లేకయే దానంతట అది పొర్లిపోవునట్లు మన కాకతీయుల కాలపు పనివారు ఏర్పఱచిన సంగతిని జవాబులో తెచ్చెనేని, వానికి నేనైన రెండు మార్కులు ఎక్కువయే వేయుదును.

తప్పును వెదకి సరిదిద్దుకొనుటయే చదువని పాశ్చాత్యులలోను కొందఱు ఏనాడో గ్రహించిరి. 1960ల చివర సేమూర్ పాపర్టును ఆయన సహచరులును పిల్లలకై లోగో అను కంప్యూటరు భాషను నిర్మించి, దానితో నేలపై గీతలు గీయు తాబేలు యంత్రమును నడిపింపజేసిరి. తాబేలు తప్పుదారి పట్టినపుడు పిల్లవాడు సిగ్గుపడక, తన సూచనలలో ఏది దానిని అటు నడిపినదో పరిశీలించుటయే వారి బోధనకు కేంద్రము. పాపర్టు గ్రంథము పేరనే 1998లో లెగో కంపెనీ మైండ్‌స్టార్మ్స్ కిట్టును విడుదలచేసినది. ప్రపంచమంతట బడులు దానిని కొన్నవి. 2022 చివర కంపెనీ దానిని నిలిపివేసినది. కిట్టును బట్టి పాఠ్యప్రణాళిక వ్రాసికొన్న బడుల గతి యేమగునో వేఱుగ చెప్పనేల? 2005లో ఇటలీలో పుట్టిన ఆర్డూయినో వంటి బహిరంగ పలకలు చవుకగా దొరకుచున్న యీ కాలమున, మన ప్రణాళిక ఏ కంపెనీ పెట్టెకును కట్టుబడి యుండరాదు.

ఇక పరీక్ష ఎట్లుండవలెనో నాకు తోచినది చెప్పెదను. విద్యార్థి తన బండినో, తన యంత్రపుచేతినో నడిపి చూపిన పిమ్మట, అతనిని బయటకు పంపి, ఉపాధ్యాయుడు దానిలో ఒక దోషమును కల్పింపవలయును: ఒక తీగను ఊడదీయవచ్చును, సెన్సరు కంటికి చిన్న కాగితపు ముక్క అతికింపవచ్చును, ప్రోగ్రాములో ఒక అంకెను మార్పవచ్చును. అరగంట వ్యవధి. విద్యార్థి తన నోటుబుక్కులో దేనిని అనుమానించెనో, ఎట్లు పరీక్షించెనో, ఏమి తేలినదో వరుసగా వ్రాయవలయును. దోషము దొరకకపోయినను, అనుమానములను సక్రమముగా త్రోసిపుచ్చినవానికి సగమునకు మించి మార్కులు రావలయును. గ్రుడ్డిగా తీగలు లాగి అదృష్టవశమున సరిచేసినవానికి అంతకు తక్కువ రావలయును. దోషములు బడి బడికి, బల్ల బల్లకు మాఱును గనుక, ముందుగా బట్టీపట్టుటకు వీలులేదు. మౌఖికపరీక్ష విడివిడిగా జరుగవలయును. ఏలయన జట్టుగా చేసిన ప్రాజెక్టులో ఒకడు చేయగా నలుగురు సమానముగా మార్కులు పంచుకొనుటయు, అందును తీగలు కలుపు పని మగపిల్లలకు, చార్టు అందముగా వ్రాయు పని ఆడపిల్లలకు దక్కుటయు నేను తఱచుగా చూచుచున్నాను. ఆ మౌఖికపరీక్ష పిల్లవాని భాషలోనే జరుగవలెను. సెన్సరు, మోటారు, బ్యాటరీ అను మాటలు ఇప్పటికే తెలుగైనవి. "ఎండ పడ్డకాడ గుర్తుపడ్తలేదు సార్" అనిన విద్యార్థికి విషయము పూర్తిగా తెలిసినట్లే.

తరగతికి అఱువదిమంది ఉన్నచోట ఇది సాధ్యమా, అంతర్గత మార్కులు మఱల దానధర్మములు కాకుండునా అని ఉపాధ్యాయులు అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. ఏడాదికి ఒక్కసారి, ఒక్కొక్క విద్యార్థికి అరగంట అనుట భారమే. కాని ఆఱుగురు ఆఱు బల్లలకడ ఏకకాలమున కూర్చుండిన, అఱువదిమందికి ఐదు గంటలు చాలును. నమ్మకమునకై, తేదీలు వేసిన ఆ నోటుబుక్కులలో కొన్నింటిని చీటీతీసి ఎంచి, పరాయి బడి ఉపాధ్యాయుడు సరిచూడవలెను. ఎన్.ఐ.టి.లోను, కాకతీయ సాంకేతిక విద్యా సంస్థ మొదలగు కళాశాలలలోను వేలకొలది ఇంజనీరింగు విద్యార్థులున్నారు. వారిని నెలకొక శనివారము చుట్టుపట్ల ప్రభుత్వ పాఠశాలలకు పంపి, ఆ పనిని వారి చదువులో భాగముగా లెక్కించిన, ఇరువాగులకును లాభమే. ఐ.టి.ఐ.ల విషయమున ఇది మఱింత ఆవశ్యకము. గీసుగొండ, సంగెము మండలముల సరిహద్దున 2017లో శంకుస్థాపన జరిగిన కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కులోగాని, 2023లో ప్రధాని శంకుస్థాపన చేసిన కాజీపేట రైల్వే కర్మాగారములోగాని, జీతమిచ్చువారు యంత్రము నడచుచుండగా చూచుచు నిలుచువానిని కోరరు. రాత్రి షిఫ్టులో అది ఆగినపుడు కారణము పట్టి మఱల నడిపించువానిని కోరుదురు. 1934లో వెలసిన ఆజంజాహీ మిల్లు మూతపడిన పిమ్మట ఎన్ని కుటుంబములు వీధిన పడినవో చూచిన పట్టణము మన ఓరుగల్లు. ఇక్కడి యువకునకు సర్టిఫికెటు ఒకటి ఇచ్చి, చేతిలో పని లేకుండ పంపుట ఘోరమైన అన్యాయము.

వీనికన్నిటికిని ముందు తొలగవలసిన అడ్డంకి యొకటున్నది, అది స్టాకు రిజిస్టరు. బడికి వచ్చిన ప్రతి సెన్సరును ఆ పుస్తకములో ఎక్కింతురు. విఱిగినను కాలిపోయినను జవాబుదారి ఆ ఉపాధ్యాయుడే. అందుచేత అతడు కిట్టును బీరువాలో పెట్టి తాళము వేయును, తనిఖీకి అధికారులు వచ్చిననాడు తీసి చూపును, మఱల లోపల పెట్టును. అతనిని నిందించుట తగదు. నూఱు రూపాయలైన చేయని సెన్సరు పలక పిల్లల చేతిలో కాలిపోవుట నష్టము కాదు, పాఠమునకైన ఖర్చు. రసాయనశాస్త్ర ప్రయోగశాలలో ఆమ్లము వ్యయమైనట్లే ఇదియు వ్యయము. జిల్లా విద్యాశాఖ ఈ యేడే ఒక ఉత్తర్వు వెలువరించి, సెన్సరులను, తీగలను, బ్యాటరీలను, చిన్న మోటారులను శాశ్వతవస్తువుల పట్టికనుండి తొలగించి, ఖర్చగు సామగ్రి క్రింద వ్రాయించి, బడికి ఏటేట కొంత మొత్తమును వాని కొఱకే కేటాయించి, ఏడాది చివర ఎన్ని భద్రముగా నున్నవని అడుగుటకు మాఱుగా ఎన్ని పాడైనవి, ఏల పాడైనవి, ఆ కారణమును ఏ విద్యార్థి కనుగొనెను అని ప్రధానోపాధ్యాయుని లిఖితపూర్వకముగా అడుగవలయును.